తొట్టి లేని బండి

చల్లపల్లి
2 సెప్టెంబరు 2025

బెన్నీ,

నువ్వు దొంగవి.

ఈ మాట ఫోన్లోనే అనేదాన్ని. వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేశావు. మామూలుగా చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. అందుకని స్పీడ్ పోస్టులో తిడుతున్నాను. పోస్టాఫీసులో కౌంటర్ దగ్గరి అమ్మాయి "ఇప్పటికీ ఉత్తరాలు రాస్తున్నారా మేడం, ఎంత మంచి అలవాటండీ" అని మురిసిపోయింది. లోపలేముందో తెలిస్తే స్టాంపు వెయ్యడానికి కూడా జంకేది.

పేపర్లో నీ ఫొటో చూశాను. విజయవాడలో పాత బండ్ల ర్యాలీ. నల్ల కళ్లద్దాలు, మెడలో రిబ్బను, పక్కన మన నాన్న బి.ఎస్.ఎ. మోటారుసైకిలు. ముందు దాన్ని గుర్తుపట్టలేదు. నాన్న కుంచెతో పూసిన నల్లరంగు పోయి మిలిటరీ ఆకుపచ్చ మెరుస్తోంది. డెబ్భై ఏడు ఉప్పెన నాడు తాటిచెట్టు పడి ట్యాంకుకి పడ్డ సొట్ట లేదు. ఎడమపక్కన మనుషుల్ని ఎక్కించుకునే తొట్టి లేదు. కింద ఇలా వేశారు: "ఒకప్పుడు కృష్ణా జిల్లాలోని ఒక జమీందారీ దివాణం వాడిన అరుదైన బ్రిటిష్ బండి."

ఏ దివాణంరా? మన నాన్న శౌరయ్య గారు పల్లెలో ఉపదేశి. ఫాదర్ రాని ఆదివారాలు గుడిలో జపం చెప్పించేవాడు, పిల్లలకి అక్షరాలు నేర్పేవాడు, కూలి రేట్ల దగ్గర ఆసాములతో పోట్లాడేవాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న ఆ బండిని ఒక ఇటలీ ఫాదర్ కొనుక్కుని, తన దేశం వెళ్లిపోతూ నాన్నకి ఇచ్చి వెళ్లాడు. నొప్పులొచ్చిన ఆడవాళ్లని మంచం మీద మోసుకెళ్లలేక దారిలోనే పోగొట్టుకుంటున్నారని, అమ్మ చెబితే, పల్లె కమ్మరి కిరసనాయిలు డ్రమ్ము చీల్చి, ఇనప యాంగిల్ ముక్కలు బిగించి, పాత స్కూటరు చక్రం తగిలించి ఆ తొట్టి చేశాడు. ఆ దివాణాల గేటు దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డ మనుషుల బండి అది. నువ్వు దాన్ని తీసుకెళ్లి వాళ్లకే దానం చేశావు.

ఫిబ్రవరిలో గుడి పెద్దల ముందు నిలబడి ఏమన్నావు? "ఇంజను పట్టేసింది. విప్పి బాగుచేస్తాను, నవంబరు పందొమ్మిదికి స్టార్ట్ చేసి తెస్తాను" అన్నావు. నమ్మి పాకలోంచి తీసి నీ చేతిలో పెట్టాం. నవంబరు పందొమ్మిది అంటే ఏంటో నీకు చెప్పాలా? ఉప్పెనలో పోయినవాళ్లలో సమాధి ఉన్నవాళ్లు తక్కువ, లేనివాళ్లు ఎక్కువ. సమాధి లేనివాళ్ల కోసం ఆ రోజు ఇంటింటి వాళ్లూ వచ్చి ఆ తొట్టిలోనే బంతిపూలు పెడతారు. పూలతో నిండిన తొట్టితో బండిని కాలవ కట్ట మీంచి గుడి దాకా తీసుకెళ్లాక ఫాదర్ పూజ మొదలుపెడతారు. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పలేదు.

అడుగుతున్నాను. తొట్టి ఎక్కడ?

ఇక్కడ యూరియా కోసం రైతులు చెప్పులు వరసలో పెట్టి ఎండలో కూర్చుంటున్నారు. మా కాలేజీలో పిల్లలకి ఇంకా పుస్తకాలు రాలేదు. నేను రాయాల్సిన వ్యాసాలు నాలుగున్నాయి. నీ గొడవ లేకపోతే అవి రాసుకునేదాన్ని.

మీ అక్క,
కృప

•

విజయవాడ
10 సెప్టెంబరు 2025

కృపక్కకి,

నీ ఉత్తరం చేరింది. కొట్టుకి వచ్చింది. ఇంటి అడ్రసు కూడా నీకు గుర్తులేదన్నమాట. వన్ టౌన్లో నీళ్ల మోటార్ల సామాను అమ్ముకునేవాడిని, గుమస్తా ముందు "నువ్వు దొంగవి" అని చదువుకోవాల్సి వచ్చింది. సంతోషం.

ఏడు నెలలుగా ఆ బండితో నేనేం చేశానో నువ్వు ఒక్క మాట అడగలేదు, కాబట్టి నేనే చెబుతున్నాను. ఇంటి ముందు కారు షెడ్డులో పట్టా పరిచి ఒక్కో ముక్కా విప్పాను. కొట్టు కట్టేసి వచ్చి, స్నానం కూడా చెయ్యకుండా అక్కడే కూర్చునేవాడిని. మన పానాలు దాని నట్లకి పట్టవు. ఇంచీలవీ పట్టవు, మిల్లీమీటర్లవీ పట్టవు. ఆ కాలం ఇంగ్లీషు వాళ్లకి వేరే కొలత. ఆ పానాలు కోయంబత్తూరు నుంచి తెప్పించాను. పిస్టను సిలిండరుకి కరుచుకుపోయి ఉంటే నెలరోజులు డీజిలు పోసి నానబెట్టి, చెక్కపేడు పెట్టి కొంచెం కొంచెం కొట్టి వదిలించాను. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోకి కొత్త తీగ చుట్టించాను. జూన్లో మొదటిసారి కిక్ కొడితే పలికింది. ఆ శబ్దం విని నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. మీ మరదలు గుండెనొప్పేమో అనుకుంది.

నువ్వు ఏడాదికోసారి దాని పక్కన నిలబడి మైకు పట్టుకుంటావు. "ఉప్పెన తర్వాత ఆ బండి ఆగకుండా తిరిగింది, దాని చప్పుడు వింటే పల్లెకి ప్రాణం లేచొచ్చేది" అని ప్రతి ఏడూ అవే మాటలు. మిగతా రోజులు దాని మీద కోళ్లు పడుకుంటాయి. చైనుకి చుక్క నూనె వేసినవాళ్లు లేరు.

ర్యాలీ సంగతి. పాత బండ్ల క్లబ్బులో మార్కులుంటాయి. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా ఉంటే మార్కులు. తర్వాత తగిలించినవి ఉంటే కోత. తొట్టి ఒరిజినల్ కాదు. నల్లరంగు ఒరిజినల్ కాదు. ఇది నేను పెట్టిన రూలు కాదు. దివాణం అని నేను చెప్పలేదు. సెక్రటరీ జయదేవ్ గారు "మీదెక్కడండీ" అన్నారు. "చల్లపల్లి వైపండీ" అన్నాను. "ఓహో, అయితే దివాణాల్లో బండయ్యుంటుంది" అన్నారు. నేను కాదనలేదు. అంతే.

తొట్టి తుక్కుకి వేసేశాను. నాలుగు బోల్టుల మీద వేలాడుతున్న తుప్పు రేకు అది. బండిని నవంబరుకి తెస్తానన్నాను, తెస్తాను. పూలు ట్యాంకు మీద పెట్టుకోండి.

బెన్నీ

•

చల్లపల్లి
15 సెప్టెంబరు 2025

బెన్నీ,

తుక్కుకి వేశావు. ఆ మాట దగ్గర నీ కలం తడబడిందా అని అక్షరాలు పట్టి పట్టి చూశాను. లేదు. గుండ్రంగా ఉన్నాయి.

నీ ఒరిజినల్ గురించి మాట్లాడదాం. బర్మింగ్‌హామ్‌లో ఎవడో తెల్ల కూలీ బిగించిన నట్టు ఒరిజినల్. మన కమ్మరి బిగించిన నట్టు కల్తీ. ఎక్కడో యుద్ధం కోసం వేసిన రంగు ఒరిజినల్. నాన్న గుడి తలుపులకి తెచ్చిన రంగులో మిగిలింది పూస్తే అది మచ్చ. ఆ బండి ఆ ఫ్యాక్టరీ ఎరగని పనులు మన దగ్గర చేసింది. దాని తొట్టిలో పిల్లలు పుట్టారు. నాన్న జెండా కట్టుకుని కూలి సభలకి వెళ్లాడు. యాభై ఏళ్లు పైబడిన ఆ బతుకంతా ఎమరీ కాగితంతో గీకేసి, నునుపుగా ఉంది చూడండి అంటున్నావు. దేశంలో పెద్దవాళ్లు చేస్తున్న పని ఇదే. గోడల మీద మన చేతిగుర్తులు చెరిపి, సున్నం కొట్టి, ఇదే అసలు గోడ అంటారు. వాళ్లకి జీతగాళ్లు కావాలి. నువ్వు జీతం లేకుండా చేస్తున్నావు.

"కాదనలేదు, అంతే" అన్నావు. ఆ "అంతే"లో నీ బతుకంతా ఉంది. నీ కొట్టు బోర్డు మీద "బి.ఎస్. ట్రేడర్స్". బెంజమిన్ శౌరయ్య అని రాస్తే మోటార్లు తిరగవా? ఎవరైనా కులం ఆరా తీస్తూ "మీరేవిట్లండీ" అని అడిగితే నువ్వేం చెబుతావో నాకు తెలుసు. "కృష్ణా జిల్లానండీ" అంటావు.

ఇది ఇవాళ్టి సిగ్గు కాదు. హైస్కూల్లో ఉన్నప్పుడు నాన్న అవనిగడ్డ వెళ్తూ "ఎక్కరా, దింపుతాను" అంటే ఏ రోజన్నా ఎక్కావా? వానలో తడుస్తూ సైకిలు తొక్కావు. మీ క్లాసువాళ్లు "తొట్టిబండోడు" అంటారని. పాపం నాన్న, ఒకసారి నీ వెనకే బండిని నడిపించుకుంటూ వచ్చాడు. నేను అరుగు మీంచి చూశాను. ఆ రోజు నీ మీద అసహ్యం వేసింది. ఇన్నేళ్లకి అది సరైన అసహ్యమేనని తేలింది.

రావమ్మత్త నిన్న వచ్చింది. మొగుడూ, ఇద్దరు పిల్లలూ. ఒక్కరి శవం కూడా దొరకలేదామెకి. ఏటా మూడు బంతిపూలు ఆ తొట్టిలో పెడుతుంది. ఒకటి పెద్దది, రెండు చిన్నవి. పెరట్లో నారు పోసింది. "బండి బాగైందటగా, అబ్బాయి మంచోడు" అంది. నేనేం చెప్పాలి? నీ మొగుణ్ణీ పిల్లల్నీ తుక్కుకి వేశాడత్తా అని చెప్పాలా? నువ్వే వచ్చి చెప్పు. కళ్లద్దాలు పెట్టుకుని రా.

నీకప్పుడు ఏడేళ్లు. నీకేం గుర్తుంటుంది? పందెం బండి కావలసి వచ్చింది, తీసుకున్నావు. గుర్తున్నవాళ్లం మేం ఉన్నాం.

వ్యాసం రాసి పత్రికకి పంపాను. నీ పేరు రాయలేదు. రాయాల్సిన అవసరం లేకుండా రాశాను.

కృప

•

విజయవాడ
8 అక్టోబరు 2025

అక్కా,

వ్యాసం వచ్చింది. చదివాను. బాగా రాశావు. నువ్వెప్పుడూ బాగానే రాస్తావు.

హైదరాబాద్ నుంచి జెస్సికా ఫార్వర్డ్ చేసింది. "డాడీ, ఇది మన బండి గురించేనా? తాతగారు ఉపదేశా? నువ్వెప్పుడూ చెప్పలేదేం?" అని కింద రాసింది. నీ మేనకోడలికి నేను తాత గురించి చెప్పలేదన్నది నిజం. ఆ ఒక్కటీ నీ ఖాతాలో వేసుకో.

క్లబ్బు సంగతి కూడా తెలుసుకో. జయదేవ్ గారు వ్యాసం చదివి ఫోన్ చేశారు. "అయ్యో బెన్నీ గారూ, ముందే చెప్పుండొచ్చు కదండీ. మాకు అలాంటి పట్టింపులేం లేవండీ" అన్నారు. మూడుసార్లు అన్నారు. ఆ తర్వాత నెలవారీ మీటింగు మెసేజీ నాకు రాలేదు. అడిగితే "గ్రూపు మారిందండీ, కలుపుతాం" అన్నారు. పోయిన నెల దాకా మా ఇంటికొచ్చి, బండి చుట్టూ తిరిగి, నా భుజం మీద చెయ్యేసి టీ తాగిన మనిషి. రిబ్బను వెనక్కి ఇమ్మనలేదులే. మర్యాదస్తులు.

కాబట్టి వాళ్ల గురించి నువ్వు చెప్పింది నిజం. సిద్ధాంతం నెగ్గింది. రుజువు కోసం నువ్వు వాడుకున్నది నన్ను. సంతోషమేనా?

ఇంకోటి. నాకేం గుర్తుంటుంది అని రాశావు. నువ్వప్పుడు గుడివాడలో సిస్టర్ల హాస్టల్లో ఉన్నావు. నీళ్లు తీశాక, వారం పోయాక ఫాదర్ గారి జీపులో వచ్చావు. నువ్వు చూసింది ఆరుతున్న బురద. నువ్వు మైకులో చెప్పేదంతా అమ్మ చెప్పిందీ, ఊళ్లో వాళ్లు చెప్పిందీ, నువ్వు కలుపుకున్నదీ.

నాకేం గుర్తుందో నువ్వు ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. గుర్తుండదని నువ్వే తేల్చేశావు.

బండి నవంబరు పందొమ్మిదికి వస్తుంది. వ్యానులో వేసి పంపుతాను. నేను రాను. నాకిక రాయకు.

బెన్నీ

•

చల్లపల్లి
14 అక్టోబరు 2025

బెన్నీ,

రాయకు అన్నావు. రాస్తున్నాను. నీకు రాసేవన్నీ వాదనలే. ఇది మాత్రం చిన్నగా ఉంటుంది, ఎందుకంటే దీంట్లో వాదన లేదు.

రావమ్మత్తకి చెప్పాను. తొట్టి లేదత్తా, తుక్కుకి వేశాడు అన్నాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె పక్కన నేను కూడా తిడదామని సిద్ధంగా వెళ్లాను. ఆమె చేట పక్కన పెట్టింది. తర్వాత అంది:

"పోన్లేమ్మా. ఆ పిల్లోడు ఎట్టా చూత్తాడు దాన్ని. ఆ తొట్టిలో కూకుంది ఆడేగా, సెల్లెల్ని ఒళ్లో ఏసుకుని."

నేను "ఎవరత్తా?" అన్నాను.

ఆమె నా మొహం చూసి, "నీకు సెప్పలేదా ఎవురూ?" అంది. చేట తీసుకుని లోపలికి పోయింది.

మన చెల్లి శౌరమ్మ నీళ్లలో పోయింది, నాన్న తెచ్చి పాతిపెట్టాడు. అమ్మ నాకు చెప్పింది ఈ రెండు ముక్కలే. నేను ఇంకేం అడగలేదు.

అడుగుతున్నాను. నీకేం గుర్తుంది?

కృప

•

విజయవాడ
23 అక్టోబరు 2025

అక్కా,

ఇది రాయడానికి నాలుగు కాగితాలు చించాను. ఇది కూడా చించేవాడినే, మీ మరదలు నా దగ్గర్నుంచి లాక్కుని కవరు మీద అడ్రసు రాసేసింది.

బండి స్టార్ట్ కాలేదక్కా.

నువ్వు మైకులో చెబుతావే, ఆగకుండా తిరిగిందని. ఆ రోజుల్లో అది ఒక్కసారి కూడా పలకలేదు. నీళ్లు వచ్చినప్పుడు బడి గోడకి ఆనించి ఉంది. తాటిచెట్టు పడి దాన్ని అక్కడే నొక్కేసింది కాబట్టి కొట్టుకుపోలేదు. మేం బడి డాబా మీద ఉన్నాం. శౌరమ్మ అమ్మ నడుముకి చీరతో కట్టి ఉంది. నీళ్లలో పోలేదు. చలికి పోయింది. అమ్మ దాన్ని రుద్దుతూనే ఉంది. పోయిందని ముందు నాకే తెలిసింది, ఎందుకంటే దాని పాదాలు నా చేతుల్లో ఉన్నాయి. నేను చెప్పలేదు.

నీళ్లు తీశాక నాన్న చెట్టు తప్పించి, బండిని లేపి, కిక్ కొట్టాడు. ఉప్పునీళ్లు తాగిన ఇంజను ఎలా పలుకుతుంది? కొడుతూనే ఉన్నాడు. కాలి చర్మం లేచి నెత్తురు కారుతున్నా కొడుతున్నాడు. ఎవరో వచ్చి పట్టుకుని ఆపారు. అప్పుడు హ్యాండిలు పట్టుకుని తోయడం మొదలుపెట్టాడు. గుడి దగ్గర మిట్ట ఒక్కటే మునగలేదు. పాతిపెట్టాలంటే అక్కడికి తీసుకెళ్లాలి.

ఆ తొట్టికి ముందువైపు అంచు తక్కువ. కడుపుతో ఉన్నవాళ్లు కాలు పైకెత్తకుండా ఎక్కాలని అమ్మే అలా చేయించింది. కట్ట మీద గుంటల్లో బండి ఊగుతుంటే శౌరమ్మ జారిపోతోంది. నాన్న ఆగి నన్ను ఎత్తి దాంట్లో కూర్చోబెట్టి ఒళ్లో పడుకోబెట్టాడు. "పట్టుకోరా నాన్నా, జారిపోద్ది" అన్నాడు. పట్టుకున్నాను. దారిలో ఇంకెవరో పిల్లలు ఉంటే వాళ్లని కూడా నా కాళ్ల మీద పెట్టాడు. చోటు లేదు కాబట్టి. వాళ్లెవరో నాకు తెలియదు. రావమ్మత్త పిల్లలేనేమో అని ఇన్నేళ్లూ అనుకుంటున్నాను. మొహాలు చూడలేదు. నేను శౌరమ్మ గాజుల్నే చూస్తున్నాను, ఎర్రవి.

నాన్న వెనక్కి తిరిగి చూడకుండా తోశాడు. ఆ దారి పొడుగునా ఇంజను పలికితే బాగుండును అనుకుంటూ కూర్చున్నాను. పలికితే తొందరగా అయిపోతుంది కదా అని.

తర్వాత నాన్న ఇంజను బాగుచేయించి ఇరవై ఏళ్లు నడిపాడు. నేను ఎక్కలేదు. నువ్వన్నట్టు వానలో సైకిలు తొక్కాను. నాన్నకి తెలుసు. అందుకే ఆ రోజు నా వెనకాలే బండిని నడిపించుకుంటూ వచ్చాడు. నా మీద కోపంతో కాదు. మేమిద్దరం ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు.

పోయినేడు బుడమేరు నీళ్లు సింగ్‌నగర్లో మా ఇంట్లోకి వచ్చినప్పుడు మేడ మీద ఉన్నాం. మీ మరదలు చలికి వణుకుతుంటే పాదాలు రుద్దబోయాను, రుద్దలేకపోయాను. ఆ రోజు అనుకున్నాను, ఆ ఇంజను నా చేతుల మీద పలకాలని. బండి కోసం తెచ్చుకోలేదక్కా, ఆ చప్పుడు కోసం తెచ్చుకున్నాను. తొట్టి బోల్టులు విప్పాను. విప్పాక మళ్లీ బిగించడం నా వల్ల కాలేదు. అప్పుడే క్లబ్బువాళ్లు తొట్టి ఒరిజినల్ కాదన్నారు. తియ్యడానికి ఒక మంచి కారణం దొరికింది, పట్టుకున్నాను.

తుక్కుకి వేశానన్నది అబద్ధం. నిన్ను గాయపరచాలని రాశాను. తుక్కు బండివాడు గేటు దగ్గర దాకా వచ్చాడు. పంపేశాను. తొట్టి మేడ మీద పట్టా కింద ఉంది. ఆర్నెల్లుగా నేను మేడెక్కలేదు. బట్టలు ఆరేసేది మీ మరదలే.

సిగ్గు లేదని చెప్పను. జయదేవ్ గారు దివాణం అన్నప్పుడు హాయిగా ఉంది. నాన్న పేరు చెప్పకుండా అంతమందిలో నిలబడటం హాయిగా ఉంది. సిగ్గూ ఉంది, ఇదీ ఉంది. నువ్వు ఒక్కదాన్నే చూశావు. చూసింది తప్పు కాదు. సగం.

బెన్నీ

•

చల్లపల్లి
29 అక్టోబరు 2025

బెన్నీ,

నీ ఉత్తరం అందింది. మూడు రోజులు జవాబు రాయలేదు. మొన్న తుఫాను హెచ్చరిక వచ్చి అందర్నీ స్కూళ్లలోకి చేర్చారు. నేనూ వెళ్లాను. బడి డాబా కింద రావమ్మత్త పక్కన కూర్చుని ఉన్నాను. ఆమె పిల్లల సంగతి నేను ఎత్తలేదు. నువ్వు చెప్పాల్సింది నేను చెప్పకూడదని ఊరుకున్నాను. నా జీవితంలో మొదటిసారి నీ మాట నీకే వదిలేశాను, గమనించు.

నేను మెత్తబడ్డాననుకోకు. నీకేం జరిగిందో నాకు తెలిసింది కాబట్టి నువ్వు చేసింది ఒప్పవుతుందా? కాదు. నొప్పి నీది. తొట్టి నీ ఒక్కడిది కాదు. తట్టుకోలేక తొట్టిని దాచావంటే అర్థం చేసుకుంటాను. కానీ దివాణం మాట దగ్గర నోరు మూసుకోవడానికి శౌరమ్మని అడ్డం పెట్టుకోకు. దానికి నాలుగేళ్లు. దానికి ఆ పని చెప్పకు.

నా వ్యాసం వెనక్కి తీసుకోను. అందులో రాసిన ప్రతి మాటా ఇంకా నిజమే. జయదేవ్ గారు రుజువు కూడా చేశారు. ఇంకో వ్యాసం రాస్తున్నాను. మొదటి వాక్యం రాసేశాను: "ఆ బండి స్టార్ట్ కాలేదు." ఇన్నేళ్లు మైకులో ఇంజను గురించి చెప్పాను. ఒక మనిషి తోశాడని ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. చప్పుడు గురించి చెబితే జనం చప్పట్లు కొడతారు. అది నాకు అలవాటైంది.

నీకప్పుడు ఏడేళ్లు, నీకేం గుర్తుంటుంది అని రాశాను. ఆ వాక్యం నా దగ్గరున్న నకలులో కొట్టేశాను. నీ దగ్గరున్న దాంట్లో నువ్వు కొట్టెయ్యి.

ఇక నా డిమాండ్లు. బేరాలు లేవు.

తొట్టిని మేడ మీంచి దించు. దించలేకపోతే పట్టా మాత్రం తియ్యి. దాని మీద ఎండ పడనీ.

తుప్పు గీకకు. రంగు వెయ్యకు. ట్యాంకు మీద దొంగ సొట్ట పెట్టించకు. పోయింది పోయింది.

బోల్టులు నువ్వు బిగించక్కర్లేదు. నవంబరు పదహారో తారీఖున నేను విజయవాడ వస్తున్నాను. ఆ ఇంగ్లీషు పానాల్లో ఏది పడుతుందో చూపించి నువ్వు లోపలికెళ్లు. నేను బిగిస్తాను.

బండి ముందు బోర్డు పెట్టాలి. "శౌరయ్య, ఉపదేశి. తెరేసమ్మ. తొట్టి చేసినది పల్లె కమ్మరి." నాన్న పేరూ, అమ్మ పేరూ నీ చేతిరాతలో ఉండాలి. ఆ బోర్డుతో రానివ్వని ర్యాలీకి బండిని తీసుకెళ్లకు.

జెస్సికాని పిలిపించు. తాత గురించి దానికి నువ్వు చెప్పు. నేను చెబితే ఉపన్యాసమవుతుంది.

నన్ను అన్‌బ్లాక్ చెయ్యి.

పందొమ్మిదిన నువ్వు వస్తావు. వ్యాను కాదు, నువ్వు. నీ కాళ్ల మీద పెట్టిన పిల్లల గురించి రావమ్మత్తకి చెప్పాలో వద్దో నువ్వే తేల్చుకో. నేను నోరెత్తను.

గుడికి వెళ్లేటప్పుడు స్టార్ట్ చెయ్యొద్దు. తోద్దాం. హ్యాండిలు నువ్వు పట్టుకో. పూజ అయ్యాక, తిరిగి వచ్చేటప్పుడు, కిక్ కొట్టు. ఆ చప్పుడు అందరికంటే ముందు నువ్వు వినాలి.

తొట్టికి ముందువైపు అంచు తక్కువన్నావు. కట్ట మీద గుంటలు ఇంకా అలాగే ఉన్నాయి. పూలు జారిపోకుండా ఈసారి తొట్టిలో నేను కూర్చుంటాను. నేను పట్టుకుంటాను.

అక్క